హెడ్‌ఫోన్‌లో గర్జించే సబ్ బాస్ బయటి స్పీకర్లలో ఎందుకు మాయమవుతుంది?

ముందుగా మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను. కూకట్‌పల్లిలో అద్దెగది. ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్, ఒక జత ఐదంగుళాల మానిటర్లు (మిక్సింగ్ స్పీకర్లు). ట్రాక్ సీ మైనర్‌లో ఉంది, బాస్ సీ, ఈ ఫ్లాట్ (E♭), జీ స్వరాల మీద నడుస్తోంది. సబ్ కోసం, అంటే బాస్‌లో అన్నిటికంటే కింద మోగే భాగం కోసం, సింథ్‌లో (శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్ వాయిద్యంలో) మూడు పొరలు వేసి, చాలదనిపించి 40 హెర్ట్జ్ దగ్గర ఈక్యూతో (ఎంచుకున్న పౌనఃపున్యాన్ని పెంచే, తగ్గించే సాధనంతో) 8 డెసిబెల్స్ పెంచారు. హెడ్‌ఫోన్‌లో బ్రహ్మాండంగా ఉంది. మాదాపూర్‌లో ఒక క్లబ్ సిస్టమ్ మీద వేస్తే ఒక స్వరానికి గోడలు ఊగాయి, ఇంకో స్వరానికి ఏమీ వినిపించలేదు. ఫోనులో బాస్ ఉన్నట్టే తెలియడం లేదు. ఇప్పుడు ఏ ప్లగిన్ (అదనపు సాఫ్ట్‌వేర్) కొనాలి, ఇంకే పొర కలపాలి అన్నది మీ సందేహం.

ఏదీ కొనవద్దు, ఏదీ కలపవద్దు. ఆ 8 డెసిబెల్స్ తీసేయండి. మూడు పొరల్లో రెండు తీసేయండి. మిగిలిన ఒక్కదాన్ని మోనోలో, శుద్ధమైన సైన్ వేవ్‌గా ఉంచండి. ట్రాక్ శ్రుతి మార్చి, బాస్ ఎక్కువసేపు నిలిచే స్వరం 41 నుంచి 55 హెర్ట్జ్ మధ్య పడేలా చూడండి. కిక్ (బాస్ డ్రమ్ దెబ్బ) తప్ప మిగతా వాయిద్యాలన్నింటిలో 100 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేయండి. ఫోను కోసం కొద్దిగా శాచురేషన్ (శబ్దాన్ని కాస్త వక్రీకరించి పై స్వరాలను పుట్టించడం). ఇంతే. నా దగ్గరకు మిక్సింగ్‌కు వచ్చే ట్రాక్‌లలో సబ్ బలహీనంగా ఉందన్న ఫిర్యాదు చాలా వరకు ఈ పనులతోనే తీరిపోతుంది. వీటిలోనూ సగానికి పైగా ఒక్క శ్రుతి మార్పుతోనే.

శ్రుతి సంగతే ముందు చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. సబ్ బాస్ అనగానే అందరూ ఈక్యూ వైపు పరుగెత్తుతారు. అసలు విషయం బాణీ కట్టేటప్పుడే తేలిపోతుంది.

మీ మూడు స్వరాల పౌనఃపున్యాలు చూడండి. కింది సీ 32.7 హెర్ట్జ్, ఈ ఫ్లాట్ 38.9, జీ 49. మీరు 40 దగ్గర 8 డెసిబెల్స్ పెంచారు. ఆ పెంపు దాదాపుగా ఈ ఫ్లాట్ నెత్తిన పడింది, సీకి, జీకి అందులో కొంత భాగమే దక్కింది. గోడలు ఊగిన స్వరం ఏదో మీరు రాయలేదు కానీ అది ఈ ఫ్లాట్ అయి ఉంటుందని పందెం కాస్తాను. ఈక్యూకు మీ బాణీ తెలియదు, దానికి తెలిసింది ఒక పౌనఃపున్యమే. కాబట్టి సబ్ మీద ఈక్యూ పెంచడమంటే ఒక స్వరాన్ని పెంచి పక్క స్వరాలను వదిలేయడమే.

ఇక సీ ఎక్కడికి పోయింది? క్లబ్బుల్లో, ఫంక్షన్ హాళ్లలో వాడే బాస్ బాక్సులు ఎక్కువగా రంధ్రం ఉన్నవి, అంటే పోర్టు ఉన్నవి. బాక్సు లోపలి గాలి ఒక పౌనఃపున్యం దగ్గర అనునాదం చెంది కోన్‌కు, అంటే స్పీకర్‌లో కదిలే పొరకు, సాయం చేస్తుంది. చాలా బాక్సులను 40 చుట్టుపక్కలకు ట్యూన్ చేస్తారు. దాని కిందికి దిగితే ఆ సాయం ఆగిపోవడమే కాదు, పోర్టు నుంచి వచ్చే గాలి కోన్‌కు ఎదురు తిరుగుతుంది. శబ్దం ఆక్టేవ్‌కు, అంటే పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ, 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది, కోన్ మాత్రం పిచ్చిగా ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. అంటే 32.7 హెర్ట్జ్‌లో మీరు పంపిన కరెంటు శబ్దంగా మారదు, స్పీకర్ కాయిల్‌ను వేడెక్కించడానికి పనికొస్తుంది. సిస్టమ్ చూసుకునే మనిషికి ఇది తెలుసు కాబట్టి 30, 35 దగ్గర హైపాస్ (దాని కిందివాటిని ఆపే ఫిల్టర్) పెట్టి ఉంచుతాడు. మీ సీ అక్కడే ఆగిపోయింది.

ఇదే ట్రాక్‌ను ఎఫ్ మైనర్‌కు మార్చి చూడండి. ఎఫ్ 43.65, ఏ ఫ్లాట్ (A♭) 51.9, పై సీ 65.4. మూడూ బాక్సు పలికే పరిధిలో పడ్డాయి. సబ్ ట్రాక్ ఐదు సెమీటోన్లు (అర స్వరాలు) పైకి వెళ్తుంది, లీడ్, ప్యాడ్ మరీ పైకి పోయాయనిపిస్తే వాటిని ఏడు సెమీటోన్లు కిందికి దించండి, స్వరాలు అవే పడతాయి. కాగితం మీద చూస్తే మీరు సబ్‌ను పైకి జరిపారు. చెవికి మాత్రం లోతు పెరిగినట్టుంటుంది. మొన్నీమధ్య ఒక కుర్రాడి టెక్నో ట్రాక్‌లో నేను చేసిన మార్పు ఇదొక్కటే. డీ నుంచి ఎఫ్‌కు. ఏ సబ్ ప్లగిన్ వేశారని అడిగాడు. సెషన్ తెరిచి చూపించేదాకా నమ్మలేదు.

గాయకులు ఉంటే శ్రుతి మన చేతిలో ఉండదు, నిజమే. గాయని ఐదు శ్రుతిలో పాడుతుంటే అదృష్టం, జీ అంటే 49 హెర్ట్జ్, సబ్‌కు చక్కటి చోటు. ఒకటి శ్రుతిలో పాడే గాయకుడైతే సీ. అప్పుడు బాస్‌ను షడ్జమం మీద కూర్చోబెట్టకుండా పంచమం మీద నిలిపి, సీ వచ్చినచోట 65.4కు ఎక్కించండి. అలా దూకితే ఆ సీ కొంచెం పలచగా వినిపిస్తుంది. దానికి శాచురేషన్ కాస్త ఎక్కువ ఇస్తే సర్దుకుంటుంది.

జీ వాడేవారికి ఒక హెచ్చరిక, ఇది మన దేశంలో ప్రత్యేకంగా. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగా లేని పాత మేడల్లో ఛార్జరు, ఆడియో ఇంటర్‌ఫేస్, మానిటర్లు కలిసి సన్నగా 50 హెర్ట్జ్ హమ్ పుట్టిస్తాయి. మామూలుగా దాన్ని మనం పట్టించుకోం. కానీ జీ 49 హెర్ట్జ్. 49, 50 కలిసి మోగితే సెకనుకు ఒకసారి శబ్దం ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఇంటర్‌లో విస్పందనాలని చదువుకున్నది ఇదే. నల్లకుంటలో ఒకాయన గదిలో ఇది ప్రత్యక్షంగా చూశాను. సబ్ ఊపిరి తీసుకుంటున్నట్టు ఉబ్బుతోంది, కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గులను సర్దే సాధనం) పాడైందని ఆయన ప్లగిన్లు మార్చుతూ కూర్చున్నారు. పైగా గ్రిడ్ పౌనఃపున్యం కచ్చితంగా 50 దగ్గరే నిలవదు, కొద్దిగా అటూ ఇటూ జరుగుతుంటుంది, అందుకని ఊపిరి వేగం కూడా మారుతోంది. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేయగానే ఆగిపోయింది. పాటలో లోపం లేదు, ఫైలులో లోపం లేదు, వింటున్న గదిలోనే ఉంది. మీకు ఇలా అనిపిస్తే మొదట బ్యాటరీ మీద నడిపి వినండి. తర్వాత అన్నింటినీ ఒకే ప్లగ్ బోర్డుకు తగిలించి, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడండి. హమ్ పోవడానికని త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు కొందరికి ఉంది. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, చేయవద్దు.

మీ మూడు పొరల్లో రెండు తీసేయమన్నదీ ఇందుకే. ప్రీసెట్లలో (సింథ్‌తో వచ్చే సిద్ధమైన శబ్దాల్లో) డీట్యూన్, అంటే శ్రుతిలో స్వల్ప తేడా, ఉంటుంది. రెండు ఆసిలేటర్ల మధ్య అర హెర్ట్జ్ తేడా ఉంటే రెండు సెకన్లకొకసారి సబ్ పూడుకుపోయి మళ్లీ లేస్తుంది. లీడ్‌లో, ప్యాడ్‌లో అది అందం. సబ్‌లో మాత్రం ఒక బార్‌లో బాస్ ఉంటుంది, తర్వాతి బార్‌లో ఉండదు.

ఇప్పుడు శబ్దం తయారీ. ఇది చిన్న పని. ఉచితంగా దొరికే వైటల్ సింథ్ చాలు, ఎఫ్ఎల్ స్టూడియో వాడుతుంటే అందులోని త్రీఎక్స్‌ఆస్క్ కూడా చాలు. ఒక ఆసిలేటర్, సైన్. వాయిస్‌ల సంఖ్య ఒకటి. ప్రతి స్వరానికీ తరంగం సున్నా దగ్గర మొదలయ్యేలా ఫేజ్ రీట్రిగర్ పెట్టండి, లేకపోతే ఒక్కో కొట్టుడు ఒక్కోలా ఉంటుంది. అటాక్ (స్వరం లేచే సమయం) 3 నుంచి 5 మిల్లీసెకన్లు, రిలీజ్ (వదిలాక అణగే సమయం) 50 మిల్లీసెకన్ల చుట్టూ. తరంగం మధ్యలో తెగితే టిక్ మని చప్పుడు వస్తుంది, దాన్ని ఆపడానికే ఇవి. సైన్ మరీ మెత్తగా ఉందనిపిస్తే ట్రయాంగిల్ తీసుకుని 24 డెసిబెల్స్ లోపాస్‌తో (పైవాటిని ఆపే ఫిల్టర్‌తో) 100 చుట్టూ కోయండి.

808 శబ్దమే కావాలంటే దాని పుట్టుక తెలుసుకోవడం ఉపయోగం. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808లో కిక్ రికార్డు చేసిన శబ్దం కాదు. ఒక అనలాగ్ సర్క్యూట్‌ను చిన్న పల్స్‌తో తడితే అది సైన్‌కు దగ్గరగా మోగి నెమ్మదిగా అణగిపోతుంది. 1983కల్లా యంత్రం తయారీ ఆగిపోయింది. కానీ డికే మీటను పూర్తిగా తిప్పితే ఆ కిక్కే బాస్ స్వరంలా సాగుతుందని హిప్‌హాప్ వాళ్లు పట్టుకున్నారు. కాబట్టి మీరు చేయవలసింది సైన్‌కు ఒక పిచ్ ఎన్వలప్. 150, 200 హెర్ట్జ్ దగ్గర మొదలై 30, 40 మిల్లీసెకన్లలో అసలు స్వరానికి దిగాలి. సాంపుల్ వాడుతుంటే అది ఏ స్వరంలో ఉందో ట్యూనర్‌లో చూసుకోండి. శ్రుతి తప్పిన 808 మీద పాట కట్టిన ట్రాక్‌లు నాకు తరచుగా వస్తాయి, చేసినవాళ్లు గమనించనే లేదు. అంత కింద శ్రుతి పట్టుకోవడం చెవికి కష్టం.

అదే కారణంగా సబ్‌లో వేగం పనికిరాదు. 43 హెర్ట్జ్ తరంగం ఒక్క చుట్టు తిరగడానికి 23 మిల్లీసెకన్లు పడుతుంది. 140 బీపీఎంలో (నిమిషానికి 140 బీట్లు) పదహారో వంతు స్వరం నిడివి 107 మిల్లీసెకన్లు, అందులో ఐదు చుట్లు కూడా నిండవు. చెవి స్వరాన్ని గుర్తుపట్టేలోపే అయిపోతుంది, దడదడ మాత్రం మిగులుతుంది. పరుగులు పై బాస్‌కు వదిలి, సబ్‌ను నిలబడనివ్వండి. నిలబడిన తర్వాత ఆపండి కూడా. ఎడతెరిపి లేకుండా మోగే సబ్‌కు శరీరం కాసేపట్లోనే అలవాటు పడిపోతుంది. డ్రాప్‌కు (బీట్ పూర్తి బలంతో వచ్చిపడే చోటుకు) ముందు ఒక బార్ సబ్ పూర్తిగా తీసేసి చూడండి, ఏ ప్లగిన్ కూడా అంత బరువు ఇవ్వలేదు.

ఫోను విషయం. ఫోను స్పీకర్ 200, 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. అందులో 43 వినిపించాలని ఆశపడకూడదు. కానీ మన మెదడుకు ఒక గుణం ఉంది. 262, 306, 349 ఇలా 43.65 గుణిజాలు వరుసగా వినిపిస్తే, మూలస్వరం లేకపోయినా ఉన్నట్టే లెక్కగట్టుకుంటుంది. శాచురేషన్ చేసే పని ఈ గుణిజాలను పుట్టించడమే. నా పద్ధతి: సబ్ ట్రాక్‌కు నకలు తీసి, దాన్ని మొహమాటం లేకుండా శాచురేట్ చేసి, 120 దగ్గర హైపాస్ పెట్టి, అసలు సబ్ కింద సన్నగా కలుపుతాను. అసలు సబ్ శుభ్రంగానే ఉంటుంది. ఒక పొర తీయమని ఇంకో పొర పెట్టమంటున్నానేమని అడుగుతారేమో. ఇది సబ్ పొర కాదు, దీనిలో 120 కింద ఏమీ లేదు, కాబట్టి గొడవ పడదు. స్టీరియో వెడల్పు కావాలన్నా దీనికే ఇవ్వండి. 100 కింద అంతా మోనో. చాలా చోట్ల సబ్‌లకు రెండు ఛానళ్లను కలిపే పంపుతారు, మీరు ఎడమ, కుడి వేరు చేసిన సబ్ అక్కడ తనను తానే కొట్టేసుకుంటుంది.

కిక్‌తో తగాదా కూడా ఈ కొట్టేసుకోవడమే. కిక్ తోక 45 దగ్గర, సబ్ 43 దగ్గర, రెండూ ఒకేసారి. ఒకటి పైకి వెళ్తుంటే ఇంకోటి కిందికి వస్తే మిగిలేది తక్కువ. అర చుట్టు తేడా అంటే సుమారు 11 మిల్లీసెకన్లే. ముందు సబ్ మీద పొలారిటీ మీట (తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి, ఏ స్థితిలో బరువుగా ఉందో అది ఉంచండి. తర్వాత సైడ్‌చెయిన్, అంటే కిక్ కొట్టినప్పుడల్లా సబ్‌ను తగ్గించడం. నేనైతే కంప్రెసర్ కంటే వాల్యూమ్ ఆటోమేషన్‌తో కిక్ తొలి 80, 100 మిల్లీసెకన్లు సబ్‌ను తగ్గించడానికే మొగ్గుచూపుతాను, ఎంత తగ్గుతోందో కంటికి కనిపిస్తుంది. హౌస్‌లో కిక్ పొట్టిగా, సబ్ పొడుగ్గా ఉంచడం తేలిక. కిక్ కూడా పొడుగ్గా కావాలంటే రెండింట్లో ఒకదాన్నే లోతుగా ఉంచాలి. ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చోలేరు.

మిగతా వాయిద్యాలను 100 కింద కోయమన్నాను. ముఖ్యంగా మన దగ్గర తీన్‌మార్ డప్పు, మర్ఫా లూప్‌లు వేసే ఫ్యూజన్ ట్రాక్‌లలో. డప్పు దెబ్బ అందం అంతా పైన ఉంటుంది. ఆరుబయట రికార్డు చేసిన డప్పు ఫైలులో కింద ఉండేది గాలి, అడుగుల చప్పుడు, దూరంగా లారీ. ఒక్కో ఫైలులో చూస్తే స్వల్పమే. ఎనిమిది ట్రాక్‌లు పేర్చితే సబ్ ఉండవలసిన చోటంతా బురద. అన్నింటికీ హైపాస్ పెట్టగానే, సబ్ ఫేడర్ ముట్టుకోకుండానే సబ్ ముందుకు వస్తుంది. మృదంగం ఎడమవైపు, తబలా డగ్గా వేరే సంగతి. వాటి గమకం కిందే ఉంటుంది, గుడ్డిగా 100 దగ్గర కోస్తే వాయిద్యం చచ్చిపోతుంది. డగ్గా మోగే చోట సబ్‌ను ఆపేయండి.

మీరు ఊరేగింపు డీజే బాక్సుల దెబ్బ కావాలని కూడా రాశారు. అది వేరే జంతువు. ఛాతీకి తగిలే ఆ గుద్దు ఎక్కువగా 60 నుంచి 100 హెర్ట్జ్ మధ్యది, కొంత ఇంకా పైది. దానికి కిక్ చూసుకోవాలి, సబ్ కాదు. ఆరుబయట గోడల సాయం ఉండదు కాబట్టి 40 కింద ఉన్నది అక్కడ గాలిలో కలిసిపోతుంది. పైగా 2024లో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సిస్టమ్‌లను నిషేధించారు, వాటి కోసమే మిక్స్ చేయడంలో అర్థం లేదు.

ఇక మీ గది, మీ చెవి. ఇక్కడ నిజాయితీగా చెప్పాలి, మీ గదిలో సబ్‌ను నమ్మి నిర్ణయం తీసుకోలేరు. పది అడుగులు, పన్నెండు అడుగులు, పైన పది అడుగుల స్లాబు, ఇటుక గోడలు. పది అడుగుల దూరానికి స్థిరతరంగం 56 హెర్ట్జ్ దగ్గర, పన్నెండుకు 47 దగ్గర. వెడల్పు, ఎత్తు రెండూ పదే అయితే 56 దగ్గర రెండింతల గోల. గది నడిమధ్యలో కూర్చుంటే అవే స్వరాలు మాయం. చెక్క, జిప్సం గోడలైతే కొంత బాస్‌ను బయటికి వదిలేస్తాయి, మన ఇటుక, కాంక్రీటు గోడలు దాదాపు ఏమీ వదలవు. కోడిగుడ్ల అట్టలు అతికించడం దండగ. 40 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, దానికి అట్ట అడ్డమా? 30 నుంచి 100 దాకా సైన్ స్వీప్ వేసి గదిలో నడిచి చూడండి, ఎక్కడ ఉబ్బుతోందో, ఎక్కడ పోతోందో తెలుస్తుంది. కుర్చీని ముందు గోడ నుంచి గది పొడవులో మూడో వంతు దాటి, సగానికి లోపు ఎక్కడో పెట్టండి.

రాత్రిపూట తక్కువ శబ్దంలో సబ్ స్థాయి తేల్చవద్దు. చెవి కింది స్వరాలకు మందం. 1000 హెర్ట్జ్ స్వరం లీలగా వినపడటానికి రెండు మూడు డెసిబెల్స్ చాలు, 40 హెర్ట్జ్‌కు దాదాపు 50 కావాలి. చిన్నగా వింటూ సరిపోయేలా పెంచిన సబ్ పెద్ద సిస్టమ్ మీద ముంచేస్తుంది. మీ 8 డెసిబెల్స్ అలా పుట్టినవే అని నా అనుమానం. పక్కింటివాళ్లు గోడ కొడితే ఫోనులోని డెసిబెల్ యాప్ చూపించి వాదించకండి. ఆ యాప్‌లు ఎక్కువగా ఏ-వెయిటింగ్ (A-weighting) అనే పద్ధతితో కొలుస్తాయి, అది 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. వాళ్ల మంచం ఊగుతున్న మాట నిజమే అయి ఉండవచ్చు.

కాబట్టి స్థాయిని ఇలా తేల్చండి. ఉచితంగా దొరికే స్పాన్ ఎనలైజర్ వేసి, మీ శైలిలో బాగా మోగుతుందని మీకు తెలిసిన రెండు ట్రాక్‌లను మీ ట్రాక్ వినబడే స్థాయికే తగ్గించి పక్కపక్కన చూడండి. సబ్ శిఖరం, కిక్ శిఖరం మధ్య తేడా వాటిలో ఎంత, మీ దాంట్లో ఎంత? ఆ తేడాను అనుసరించండి. తర్వాత మీకు అలవాటైన కారులో వినండి, కాకపోతే కారు లోపల చిన్న చోటు వల్ల కింది స్వరాలు సహజంగానే పెరుగుతాయని గుర్తుంచుకోండి. అక్కడ కొద్దిగా ఎక్కువ అనిపిస్తే కంగారు పడనవసరం లేదు. మాస్టర్‌లో 25 చుట్టూ మెత్తటి హైపాస్ చాలు, దానికంటే నిటారుగా కోస్తే ఫేజ్ కదిలి కిక్ మెత్తబడుతుంది. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో అన్నింటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి వినబడే గట్టితనపు కొలత) తెస్తుంది. ఆ కొలతలో సబ్‌కు లెక్క తక్కువ పడుతుంది, లిమిటర్‌లో (శిఖరాలను హద్దు దాటనివ్వని సాధనంలో) చోటు మాత్రం అదే ఎక్కువ తింటుంది. సబ్‌ను రెండు డెసిబెల్స్ తగ్గిస్తే ట్రాక్ మొత్తం ఇంకా గట్టిగా మోగేది ఇందుకే.

చివరగా సబ్‌వూఫర్ కొనమంటారా అని అడిగారు. ఈ గదిలో వద్దు. ఇప్పుడున్న స్థిరతరంగాలకు ఇంకో ఇంజను తగిలించినట్టవుతుంది. ఆ డబ్బుతో చెవులను పూర్తిగా కప్పే మంచి క్లోజ్డ్ హెడ్‌ఫోన్ తీసుకోండి. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే మీ ట్రాక్ ఫోనులో వేసుకుని వెళ్లండి, దుకాణంవాళ్లు వినిపించే డెమో పాటతో నిర్ణయించవద్దు. మిగిలితే గది మూలల్లో నేల నుంచి పైదాకా మందంగా రాక్‌వూల్ నింపిన బాస్ ట్రాప్‌లు పెట్టించండి. కనీసం ఆరంగుళాల మందం లేకపోతే 100 కింద పెద్ద ప్రయోజనం కనిపించదు. అద్దె ఇల్లు కాబట్టి గోడకు మేకులు కొట్టకుండా చట్రాల్లో నిలబెట్టమని వడ్రంగికి చెప్పండి. ఎఫ్‌కు మార్చిన వెర్షన్ ఒకటి, పాత సీ వెర్షన్ ఒకటి, ఈక్యూ లేకుండా రెండూ బౌన్స్ చేసి (ఆడియో ఫైలుగా తీసి) అదే మాదాపూర్ సిస్టమ్ మీద వేయించి, ఏది ఎలా మోగిందో ఇక్కడ రాయండి. సైడ్‌చెయిన్ సంగతి అది విన్న తర్వాత చూద్దాం.